వింబుల్డన్ చరిత్ర: 1877 నుంచి విజేతలెవరు? అందులో మన సానియా పేరు ఎక్కడుంది?

జూన్ నెలాఖరు వచ్చిందంటే టీవీల్లో, ఫోన్లలో వింబుల్డన్ పేరు వినబడుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మన ఇళ్లలో క్రికెట్ గురించి ఐదో తరగతి పిల్లాణ్ని అడిగినా గడగడా చెప్పేస్తాడు. టెన్నిస్ దగ్గరికి వచ్చేసరికి సానియా మీర్జా అనే ఒక్క పేరు దగ్గర ఆగిపోతాం. ఆమె వింబుల్డన్ గెలిచిందా? గెలిస్తే ఏ సంవత్సరం, ఎవరితో కలిసి? ఇలా అడిగితే పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. అందుకే ఈ టోర్నీ ఎలా పుట్టింది, ఎవరెవరు గెలిచారు, మనోళ్లు ఎంతవరకు వెళ్లారు అనే వివరాలన్నీ ఒకేచోట ఇస్తున్నాం.

ముందుగా ఒక మాట. వింబుల్డన్ గేటు అందరికీ ఒకేసారి తెరుచుకోలేదు. మొదట్లో ఆడవాళ్లకు చోటు లేదు. తర్వాత చాలాకాలం ఆట మీద సంపాదించుకునేవాళ్లకు చోటు లేదు. నల్లజాతి క్రీడాకారులు సింగిల్స్ విజేతలయ్యేసరికి 80 ఏళ్లు పట్టింది. విజేతల జాబితా చదివేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అసలేమిటీ టోర్నీ?

టెన్నిస్‌లో ఏడాదికి నాలుగు పెద్ద టోర్నీలు జరుగుతాయి. వీటిని గ్రాండ్‌స్లామ్‌లు అంటారు. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్, మే, జూన్‌లలో ఫ్రెంచ్ ఓపెన్, జూన్ చివరి నుంచి జూలై మధ్య వరకు వింబుల్డన్, ఆగస్టు, సెప్టెంబర్‌లలో యూఎస్ ఓపెన్. నాలుగింటిలో పాతది వింబుల్డన్. ఇప్పటికీ గడ్డి కోర్టు మీద జరిగేది ఇదొక్కటే. ఆ గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తారు. లండన్‌లోని ఆల్ ఇంగ్లండ్ క్లబ్ దీన్ని నిర్వహిస్తుంది. ఆటగాళ్లందరూ తెల్లబట్టలే వేసుకోవాలన్నది అక్కడి నియమం.

పురుషుల సింగిల్స్‌లో 128 మంది, మహిళల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. ఓడితే ఇంటికే. వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలిచినవాళ్లే చాంపియన్. ఇవి కాక పురుషుల డబుల్స్, మహిళల డబుల్స్, ఒక అమ్మాయి ఒక అబ్బాయి జంటగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్, 18 ఏళ్ల లోపు పిల్లలకు జూనియర్ పోటీలు కూడా ఉంటాయి.

లెక్క తెలియనివాళ్ల కోసం: పాయింట్లను 15, 30, 40 అని లెక్కపెడతారు. ఆపైన ఇంకొక పాయింట్ వస్తే గేమ్. ఇద్దరూ 40 దగ్గర ఉంటే రెండు పాయింట్ల తేడా రావాలి. కనీసం రెండు గేముల తేడాతో ఆరు గేములు గెలిస్తే సెట్. సింగిల్స్‌లో పురుషులకు ఐదింట మూడు సెట్లు, మహిళలకు మూడింట రెండు సెట్లు గెలవాలి. స్కోరు 6-6 అయితే టైబ్రేక్ ఆడిస్తారు. ఒకప్పుడు ఆఖరి సెట్‌కు టైబ్రేక్ ఉండేది కాదు. అందుకే 2010లో ఐస్నర్, మహుత్‌ల మధ్య మ్యాచ్ మూడు రోజుల పాటు, మొత్తం 11 గంటల 5 నిమిషాలు సాగింది. ఆఖరి సెట్ స్కోరు 70-68.

రోలర్ రిపేరు కోసం పెట్టిన పోటీ

1877లో క్లబ్‌లో మైదానం చదును చేసే రోలర్ పాడైంది. గుర్రాన్ని కట్టి లాగించే రోలర్ అది. దాని రిపేరుకు డబ్బు కావాలని టెన్నిస్ పోటీ పెట్టారని చెబుతారు. ఆ ఏడాది జూలై 9న వర్పుల్ రోడ్‌లోని పాత మైదానంలో పోటీలు మొదలయ్యాయి. 22 మంది పేర్లు ఇచ్చారు. ఫైనల్ చూడటానికి వచ్చింది సుమారు 200 మంది. టికెట్ ఒక షిల్లింగ్. స్పెన్సర్ గోర్ మొదటి విజేత. మరుసటి ఏడాది గోర్‌ను ఓడించిన ఫ్రాంక్ హాడో సిలోన్‌లో తోటలు నడిపేవాడు. అంటే రెండో చాంపియనే మన పక్క దేశం నుంచి సెలవుల మీద వెళ్లిన మనిషి.

అప్పట్లో ఒక వింత పద్ధతి ఉండేది. పోయిన ఏడాది చాంపియన్ మళ్లీ మొదటి రౌండ్ నుంచి ఆడనక్కర్లేదు. మిగతావాళ్లంతా ఆడి, చివరికి మిగిలినవాడు వచ్చి చాంపియన్‌తో ఒక్క మ్యాచ్ ఆడాలి. 1881 నుంచి 1886 దాకా వరుసగా ఆరుసార్లు గెలిచిన విలియం రెన్షా ఈ పద్ధతిలో ఆడినవాడే. 1922లో దీన్ని తీసేశారు. టోర్నీ ఇప్పుడున్న చర్చ్ రోడ్ మైదానానికి మారింది కూడా ఆ ఏడాదే. కాబట్టి పాత రికార్డులను, కొత్త రికార్డులను ఒకే త్రాసులో తూచకూడదు.

ఆడవాళ్లకు 1884లో చోటు

మహిళల పోటీ ఏడేళ్లు ఆలస్యంగా, 1884లో మొదలైంది. 13 మంది ఆడారు. మౌడ్ వాట్సన్ తన సొంత అక్క లిలియన్‌ను ఫైనల్లో ఓడించి మొదటి విజేత అయింది. 1887లో లాటీ డాడ్ 15 ఏళ్ల వయసులోనే సింగిల్స్ గెలిచింది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆడవాళ్ల బట్టల మీద మాటలు కూడా కొత్తవేం కావు. మౌడ్ వాట్సన్ కాలంలో చీలమండల దాకా గౌను వేసుకుని ఆడేవారు. 1919లో ఫ్రాన్స్‌కు చెందిన సుజానే లెంగ్లెన్ పొట్టి చేతులతో, కాస్త పొట్టి గౌనుతో ఆడితే లండన్ పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. తెల్లబట్టల నియమం వల్ల నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉంటోందని క్రీడాకారిణులు చెప్పగా చెప్పగా, 2023లో లోపలి షార్ట్స్ ముదురు రంగువి వేసుకోవచ్చని సడలింపు ఇచ్చారు.

డబ్బు సంపాదిస్తే ప్రవేశం లేదు

1967 వరకు వింబుల్డన్‌లో అమెచ్యూర్లే ఆడాలి. అంటే ఆట మీద డబ్బు తీసుకునేవాళ్లకు ప్రవేశం లేదు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఇంట్లో ఆస్తి ఉన్నవాళ్లకే ఆ నియమం అనుకూలం. ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ లేవర్ 1961, 1962లో చాంపియన్. తర్వాత బతుకుదెరువు కోసం ప్రొఫెషనల్‌గా మారాడు. వెంటనే అతనికి తలుపులు మూసేశారు. ఐదేళ్లు బయటే ఉన్నాడు. 1968లో అందరికీ ప్రవేశం ఇచ్చారు. అదే ఓపెన్ యుగం. ఆ మొదటి ఏడాదే లేవర్ తిరిగొచ్చి మళ్లీ చాంపియన్ అయ్యాడు.

1968లో పురుషుల విజేతకు 2,000 పౌండ్లు ఇస్తే, మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కు ఇచ్చింది 750 పౌండ్లు. ఇద్దరికీ సమానంగా ఇవ్వడం 2007లో మొదలైంది. ఆ ఏడాది రోజర్ ఫెదరర్, వీనస్ విలియమ్స్ చెరో 7 లక్షల పౌండ్లు అందుకున్నారు. సమానం కావడానికి ఓపెన్ యుగంలోనే 39 ఏళ్లు పట్టింది.

నల్లజాతి క్రీడాకారుల్లో మొదట సింగిల్స్ గెలిచింది అమెరికాకు చెందిన ఆల్థియా గిబ్సన్, 1957లో. 1958లోనూ ఆమే. పురుషుల్లో 1975లో ఆర్థర్ యాష్. ఆస్ట్రేలియా ఆదివాసీ కుటుంబంలో పుట్టిన ఇవాన్ గూలగాంగ్ 1971లో గెలిచింది. పెళ్లయి, బిడ్డ పుట్టాక 1980లో మళ్లీ గెలిచింది.

ఎక్కువసార్లు గెలిచినవాళ్లు

మహిళల సింగిల్స్‌లో మార్టినా నవ్రతిలోవా 9 సార్లు గెలిచి అందరికంటే ముందుంది. హెలెన్ విల్స్ మూడీ 8 సార్లు, డొరోతియా లాంబర్ట్ చాంబర్స్, స్టెఫీ గ్రాఫ్, సెరెనా విలియమ్స్ తలా 7 సార్లు, బిల్లీ జీన్ కింగ్ 6 సార్లు గెలిచారు. సెరెనా అక్క వీనస్‌కు 5 టైటిళ్లున్నాయి.

పురుషుల్లో రోజర్ ఫెదరర్‌ది 8 టైటిళ్లతో రికార్డు. విలియం రెన్షా, పీట్ సంప్రాస్, నొవాక్ జకోవిచ్ ఏడేసి సార్లు గెలిచారు. బోర్గ్ 1976 నుంచి 1980 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచాడు. బోరిస్ బెకర్ 1985లో 17 ఏళ్లకే చాంపియన్ అయ్యాడు. 1954 విజేత యారోస్లావ్ ద్రోబ్నీ పుట్టింది చెకోస్లోవేకియాలో. దేశం విడిచి వచ్చి, ఈజిప్టు పౌరసత్వం తీసుకుని, ఆ దేశం పేరుతో ఆడి గెలిచాడు.

ఇటీవలి సింగిల్స్ విజేతలు:

2019: జకోవిచ్, సిమోనా హలెప్
2020: కరోనా వల్ల జరగలేదు
2021: జకోవిచ్, ఆష్లీ బార్టీ
2022: జకోవిచ్, ఎలెనా రిబాకినా
2023: కార్లోస్ అల్కరాజ్, మార్కెటా వొండ్రుసోవా
2024: అల్కరాజ్, బార్బొరా క్రెచికోవా
2025: యానిక్ సిన్నర్, ఇగా స్వియాటెక్

కరోనా కంటే ముందు ఈ టోర్నీ ఆగింది రెండు ప్రపంచ యుద్ధాల సమయంలోనే. 1915 నుంచి 1918 వరకు, 1940 నుంచి 1945 వరకు పోటీలు లేవు. 1940 అక్టోబర్‌లో సెంటర్ కోర్టు మీద బాంబు కూడా పడింది.

ఈ జాబితాలో లేకపోయినా చెప్పుకోవాల్సిన పేరు ట్యునీషియాకు చెందిన ఓన్స్ జబేర్. 2022లో ఫైనల్ చేరింది. ఓపెన్ యుగంలో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్ ఆడిన తొలి అరబ్ మహిళ, తొలి ఆఫ్రికా మహిళ ఆమే. ఆ ఫైనల్ జూలై 9న జరిగింది. అరబ్ దేశాల్లో ఆ రోజే బక్రీద్. మనకు మరుసటి రోజు. రిబాకినా చేతిలో ఓడిపోయింది. 2023లో మళ్లీ ఫైనల్ చేరి మళ్లీ ఓడింది. అయినా ఆమె తర్వాత వచ్చే అమ్మాయిలకు దారి తెలిసింది.

మన దేశం నుంచి

సింగిల్స్‌లో క్వార్టర్ ఫైనల్ చేరిన మొదటి భారతీయుడు గౌస్ మహమ్మద్. ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మలీహాబాద్. 1939లో క్వార్టర్స్‌లో అమెరికాకు చెందిన బాబీ రిగ్స్ చేతిలో ఓడాడు. ఆ ఏడాది చాంపియన్ రిగ్సే. మన పిల్లల పుస్తకాల్లో గౌస్ మహమ్మద్ పేరు పెద్దగా కనబడదు.

తర్వాత రామనాథన్ కృష్ణన్. 1954లో జూనియర్ టైటిల్ గెలిచాడు. 1960, 1961లో సెమీస్ దాకా వెళ్లాడు. భారత ఆటగాళ్లలో వింబుల్డన్ సింగిల్స్‌లో ఇప్పటికీ అదే ఉత్తమం. ఆయన కొడుకు రమేశ్ కృష్ణన్ 1979లో, లియాండర్ పేస్ 1990లో జూనియర్ చాంపియన్లు. 1999లో పేస్, మహేశ్ భూపతి కలిసి పురుషుల డబుల్స్ గెలిచారు. పేస్ మిక్స్‌డ్ డబుల్స్ నాలుగుసార్లు గెలిచాడు.

2012 లండన్ ఒలింపిక్స్ టెన్నిస్ పోటీలు కూడా వింబుల్డన్‌లోనే జరిగాయి. అప్పుడు పేస్‌తో కలిసి పురుషుల డబుల్స్ ఆడింది మన హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్.

సానియా: 2003లో ఒకటి, 2015లో ఒకటి

సానియా మీర్జా 1986 నవంబర్ 15న ముంబైలో పుట్టింది. పెరిగింది, చదివింది, ఆట నేర్చుకుంది హైదరాబాద్‌లో. ఆరేళ్లకు రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా కోచ్‌గా వెంట ఉన్నారు. మొదట్లో పేడతో అలికిన కోర్టుల మీద ఆడానని ఆమె చెప్పింది. అక్కడి నుంచి 8 మిల్లీమీటర్ల గడ్డి దాకా ఆమె ప్రయాణం సాగింది.

2003లో 16 ఏళ్ల వయసులో, రష్యాకు చెందిన అలీసా క్లేబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. ఆమె పేరు వింబుల్డన్ విజేతల్లో చేరడం అదే మొదటిసారి. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోనే జరిగిన టోర్నీలో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొందరెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ చేరింది. 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు వచ్చింది.

2005లో ఆమె బట్టల గురించి పేపర్లలో, టీవీల్లో పెద్ద చర్చే నడిచింది. మన ఇళ్లలోనూ నడిచింది. ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. కానీ ఆ చర్చ జరుగుతున్నప్పుడు కూడా ఆమె కోర్టులోనే ఉంది.

తర్వాత గాయాలు మొదలయ్యాయి. 2008లో మణికట్టుకు ఆపరేషన్ అయింది. మోకాళ్లదీ అదే కథ. చివరికి సింగిల్స్ మానేసి డబుల్స్ మీదే దృష్టి పెట్టింది. “ఇగ అయిపోయింది” అన్నవాళ్లు చాలామంది. నిజానికి గ్రాండ్‌స్లామ్‌లు ఎక్కువగా గెలిచింది ఆ తర్వాతే.

2015 మార్చిలో స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్‌తో జోడీ కట్టింది. కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. జూలై 11న వింబుల్డన్ ఫైనల్. ఎదుట రష్యా జోడీ ఎకతెరీనా మకరోవా, ఎలెనా వెస్నినా. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండో సెట్ టైబ్రేక్‌లో గెలిచారు. మూడో సెట్‌లో 2-5తో వెనుకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే ట్రోఫీ పోయినట్టే. అక్కడి నుంచి 5-5కు తెచ్చారు. చీకటి పడటంతో ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి, లైట్లు వేశారు. తిరిగొచ్చాక వరుసగా రెండు గేములు గెలిచి 5-7, 7-6, 7-5తో టైటిల్ అందుకున్నారు. గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్ గెలిచిన తొలి భారత మహిళ సానియా.

అది రంజాన్ నెల. మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి దాటింది. తరావీహ్ నమాజ్ నుంచి వచ్చిన మా అబ్బా సౌండ్ తగ్గించి టీవీ ముందు కూర్చున్నారు. 2-5 అయినప్పుడు “బంద్ చెయ్, సహర్‌కు లేవాలె” అన్నారు. అని మళ్లీ ఆయనే రిమోట్ ఇవ్వలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

ఆ ఏడాది యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా ఈ జోడీదే. వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. మిక్స్‌డ్ డబుల్స్‌లో మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్ ఓపెన్ కలిపితే ఆమె గ్రాండ్‌స్లామ్‌లు మొత్తం 6. డబుల్స్ నంబర్ వన్‌గా 91 వారాలు ఉంది. 2018లో కొడుకు పుట్టాక, 2020 జనవరిలో తిరిగొచ్చి హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. 2023లో ఆట నుంచి తప్పుకుని, మార్చి 5న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ ఆడింది.

డబ్బు లెక్క కూడా చూద్దాం

“టెన్నిస్ ఆడితే ఏమొస్తది?” అని మన దగ్గర తల్లిదండ్రులు అడుగుతారు. సరైన ప్రశ్నే. బీకాం చదివినవాణ్ని కాబట్టి లెక్కతోనే చెబుతాను.

2025లో వింబుల్డన్ సింగిల్స్ విజేతకు 30 లక్షల పౌండ్లు ఇచ్చారు. మన డబ్బుల్లో సుమారు 35 కోట్లు. మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకే 66,000 పౌండ్లు, అంటే 75 లక్షలకు పైనే. డబుల్స్‌లో తక్కువ. 2015లో సానియా, హింగిస్ ఇద్దరికీ కలిపి వచ్చింది 3,40,000 పౌండ్లు. అదే ఏడాది సింగిల్స్ విజేత ఒక్కరికే 18,80,000 పౌండ్లు. గెలుపు ఒకే మైదానంలో, ఖరీదు మాత్రం వేరు.

అయితే ఇది ఒక పక్క లెక్క మాత్రమే. ఆ మొదటి రౌండ్‌లో నేరుగా ఆడాలంటే ప్రపంచంలో సుమారు మొదటి నూరు ర్యాంకుల్లో ఉండాలి. అక్కడికి చేరేదాకా కోచ్ ఫీజు, రాకెట్లు, బూట్లు, ఊరూరా టోర్నీల ప్రయాణం, అన్నీ ఇంటి డబ్బులే. చాలామందికి పెట్టింది తిరిగి రాదు. కాబట్టి వింబుల్డన్ ప్రైజ్‌మనీ చూసి పిల్లలను టెన్నిస్‌లో దింపడం తెలివైన పని కాదు. ఆరోగ్యం, ధైర్యం, క్రమశిక్షణ కోసం ఆడించడం వేరు. దానికి ఎంత ఖర్చు పెట్టగలమో ముందే లెక్క వేసుకోవచ్చు.

మన దగ్గర పరిస్థితి

మన మూడు జిల్లాల్లో మొహల్లా పిల్లలకు తెలిసినవి క్రికెట్, కబడ్డీ, షటిల్. టెన్నిస్ సీరియస్‌గా నేర్చుకోవాలంటే హైదరాబాద్ వైపు చూడాలి. సానియా పేరుతో ఉన్న అకాడమీ కూడా అక్కడి ముర్తుజగూడలోనే ఉంది. జనగామ వాళ్లకు పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావడం కుదురుతుంది. మహబూబాబాద్ వాళ్లకు దూరం. భూపాలపల్లికైతే రైలే లేదు.

దూరం కంటే పెద్ద అడ్డంకి ఇంకొకటుంది. ఆరో తరగతిలో గల్లీలో షటిల్ ఆడిన అమ్మాయి ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి ఆట మానేస్తుంది. మా గల్లీలో నేను చూసింది ఇదే. గాయమేం కాదు, ఓటమీ కాదు. “పెద్దదైంది, ఇగ చాలు” అనే ఒక్క మాట. రాకెట్ అటక మీదికి వెళ్లిపోతుంది. తమ్ముడు మాత్రం బ్యాట్ పట్టుకుని బయటికి వెళ్తూనే ఉంటాడు. వింబుల్డన్ గేటు ఆడవాళ్లకు 1884లో తెరుచుకుంది. మన గేటు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకున్నది మనమే. బట్టల విషయంలో, టైమ్ విషయంలో ఇంటి పద్ధతి ఇంటిది. ఆ పద్ధతిలోనే, అమ్మీనో ఆపానో తోడు ఉండగానే, ఆట కొనసాగించే దారి వెతకవచ్చు. సానియా వెంట కూడా ఏళ్ల తరబడి తల్లిదండ్రులు తిరిగారు.

చూడాలనుకునేవాళ్లకు: వింబుల్డన్‌లో చిన్న కోర్టుల మ్యాచ్‌లు మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడున్నరకు, సెంటర్ కోర్టులో సాయంత్రం ఆరుకు మొదలవుతాయి. మహిళల సింగిల్స్ ఫైనల్ రెండో శనివారం, పురుషుల ఫైనల్ ఆదివారం. 2025లో ఈ రెండు ఫైనల్స్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యాయి. ఈసారి ఇంట్లో అమ్మాయిలను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. 15, 30, 40 లెక్క ఒక్క రోజులో వచ్చేస్తుంది. మధ్యలో “నేను కూడా ఆడతా” అని ఎవరైనా అంటే, కాదనే ముందు ఒక్కసారి ఆలోచించండి.